తెల్ల కణము సైనికుడా?

వ్యాధినిరోధక శక్తిని గురించి పిల్లలకు చెప్పవలసి వచ్చినప్పుడు మనకు వెంటనే తోచే ఉపమానము యుద్ధము. శరీరము ఒక కోట, చర్మము కోటగోడ, రక్తములోని తెల్ల కణాలు సైనికులు, సూక్ష్మజీవులు శత్రువులు. శత్రువు గోడ దాటి లోపలికి వస్తాడు. సైనికులు అతనిని చుట్టుముట్టి మ్రింగివేస్తారు. ఆ పోరులో పడిపోయిన సైనికుల కళేబరాలే చీము. పాఠ్యగ్రంథాలలో, గోడపటాలలో, బొమ్మల చలనచిత్రాలలో ఈ కథ ఎన్ని మార్లు వచ్చిందో లెక్క లేదు. "తెల్ల రక్తకణాలు శరీరమునకు సైనికుల వంటివి" అని విద్యార్థి వ్రాస్తే మనము మార్కులు వేస్తాము. వేయవలసినదే, ఆ వాక్యము పూర్తిగా అబద్ధము కాదు.

కాని ఒక ఉపమానము మంచిదా కాదా అని తేల్చవలెనంటే, విషయము సులువుగా ఉన్నచోట కాక, చిక్కుపడినచోట అది ఎంతవరకు తోడు వస్తుందో చూడవలె. సైనికుడు శత్రువును మ్రింగినాడు, సరే. మ్రింగబడిన శత్రువు చావక, ఆ సైనికుని కడుపులోనే కాపురము పెట్టి, సంతానమును పెంచుకొని, చివరకు అతనిని చీల్చుకొని బయటికి వస్తే, కోటకథలో దానికి చోటు ఎక్కడ? ఇది కల్పన కాదు. ఇట్లు బ్రతుకగల బాక్టీరియాలు కొన్ని ఉన్నవి. వాటిలో కొన్ని ఆరోగ్యవంతుల జోలికి అంతగా పోవు. వృద్ధులు, పొగత్రాగేవారు, మధుమేహ రోగులు, ఇతర కారణముల వల్ల నిరోధక శక్తి సన్నగిల్లినవారు తటస్థించినప్పుడే ప్రాణము మీదికి తెస్తవి. వీటికి అవకాశవాద బాక్టీరియాలని పేరు. వీటి బ్రతుకుతెరువును యుద్ధకథ వివరించలేదు. అంతటితో ఆగినా బాగుండేది. ఆ కథ తప్పు ప్రశ్నలు వేయిస్తుంది, తప్పు జాగ్రత్తలు తీసుకొనేటట్లు చేస్తుంది.

ఈ కథకు ప్రచారము తెచ్చినవారిలో పాల్ డి క్రైఫ్ ముఖ్యుడు. ఆయన స్వయముగా బాక్టీరియా శాస్త్రమును అభ్యసించినవాడు. 1926లో వెలువడిన ఆయన గ్రంథము 'మైక్రోబ్ హంటర్స్', అనగా సూక్ష్మజీవుల వేటగాళ్లు, లోకములో ఎందరో యువకులను వైద్యశాస్త్రము వైపు మళ్ళించింది. చదివించే గుణములో దానికి సాటి రాగల విజ్ఞాన గ్రంథాలు ఇప్పటికీ తక్కువే. అందులో ఒక అధ్యాయము ఎలీ మెచ్నికాఫ్‌ను గురించినది. ఆ మహాశయుని ఆవేశము, పట్టుదల, ప్రత్యర్థులతో కలహము ఒక నాటకమువలె కళ్ళ ఎదుట కదులుతవి. భక్షణ ప్రసక్తి అందులో లేకపోలేదు. కాని పుస్తకము మూసిన తరువాత పాఠకుని మనస్సులో నిలిచేది వేట, యుద్ధము, విజయము. గ్రంథము పేరులోనే వేట ఉన్నది గదా! తరువాత వచ్చిన చిన్న పుస్తకాలు, పాఠ్యభాగాలు ఆ నాటకములోనుంచి కత్తిని మాత్రము తీసుకొని కంచమును వదిలివేసినవి.

కంచమని ఎందుకంటున్నానో చెప్పటానికి మెచ్నికాఫ్ దగ్గరకు పోవలె. ఆయన వైద్యుడు కాడు, జంతుశాస్త్రజ్ఞుడు. ఆయనను చాలాకాలము ఆకర్షించిన ప్రశ్న రోగము కాదు, జీర్ణక్రియ. అమీబా తన ఆహారమును కణములోనే జీర్ణము చేసుకొంటుంది. జీర్ణకోశము సరిగా ఏర్పడని కొన్ని క్షుద్రజంతువులలో కూడ ఆహారము కణముల లోపలనే జీర్ణమవుతుందని ఆయన చూచాడు. 1882లో సిసిలీ ద్వీపములోని మెస్సీనాలో ఉన్నప్పుడు, గాజువలె పారదర్శకమైన నక్షత్రచేప డింభకములో గులాబి ముల్లు గుచ్చి, మరునాడు చూస్తే, సంచార కణాలు ఆ ముల్లు చుట్టూ గుమిగూడి ఉన్నవి. ఆహారమును పట్టే కణాలే శరీరమునకు అక్కరలేని వస్తువును కూడ పట్టుకొంటున్నవని ఆయనకు తోచింది. రోగనిరోధము అనేది పాత జీర్ణక్రియకు వచ్చిన కొత్త ఉద్యోగమన్నమాట. ఆ కణాలకు పెట్టిన గ్రీకు పేరు 'ఫాగోసైట్' అర్థము కూడ తినే కణమని మాత్రమే. మన తెలుగు పాఠ్యగ్రంథాలు దానిని భక్షక కణమన్నవి. అచ్చముగా సరిపోయిన మాట. అయితే ఆ మాటను ఒక పంక్తిలో వ్రాసి, మరుసటి పంక్తిలోనే దాని చేతికి బల్లెము ఇచ్చినాము.

1884లో మెచ్నికాఫ్ నీటి ఈగ అని పిలువబడే డాఫ్నియాపై చేసిన పరిశీలన ఇంకా ముఖ్యమైనది. సూదులవంటి ఈస్టు బీజాలను అది మ్రింగినప్పుడు అవి పేగు గోడను చీల్చుకొని శరీరములోకి వస్తవి. రక్తకణాలు వాటిని చుట్టుముట్టి నాశనము చేస్తవి. కాని ప్రతిసారీ కాదు. కొన్నిసార్లు బీజాలు మొలకెత్తి వృద్ధిచెందుతవి, అప్పుడు డాఫ్నియాయే మరణిస్తుంది. భక్షకుడు ఓడిపోవచ్చునన్న సంగతి ఈ సిద్ధాంతములో తొలినుండీ ఉన్నది. 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిసి నోబెల్ బహుమానము పొందిన ఈ శాస్త్రజ్ఞుడు స్వయముగా యుద్ధభాష వాడినాడన్నది నిజమే. కాని ఆయన యుద్ధములో రెండు పక్షాలకూ గెలుపు సాధ్యము. మన గోడపటములో ఒక పక్షమే గెలుస్తుంది.

తిన్నది అరగకపోతే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు మన పురాణాలలో చాలా పాత సమాధానము ఉన్నది. ఇల్వలుడు తన తమ్ముడైన వాతాపిని మేకగా మార్చి, వండి, అతిథులకు వడ్డించేవాడు. భోజనమైన తరువాత పేరుపెట్టి పిలిస్తే వాతాపి అతిథి పొట్ట చీల్చుకొని వచ్చేవాడు. అగస్త్యుడు మాత్రము ఆ పిలుపుకు ముందే అతనిని అరిగించుకొన్నాడు. పసిబిడ్డకు పాలు పట్టి, పొట్ట నిమురుతూ, వాతాపివలె జీర్ణము కావలెనని పలికే తల్లులు మన ఇళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. భక్షక కణమును గురించి అడుగవలసిన ప్రశ్న సరిగా ఇదే: పట్టుకొన్నదా అని కాదు, అరిగించుకొన్నదా అని.

ఇక అసలు ఉదాహరణకు వస్తాను. 1976 జూలైలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరములో బెల్వ్యూ-స్ట్రాట్‌ఫర్డ్ హోటలులో మాజీ సైనికుల సంఘమైన అమెరికన్ లీజియన్ మహాసభ జరిగింది. సభ ముగిసి ఇళ్ళకు చేరినవారు జ్వరముతో, న్యుమోనియాతో పడిపోసాగారు. సభకు వచ్చినవారిలోను, ఆ హోటలు పరిసరాలలో తిరిగినవారిలోను మొత్తము 221 మందికి జబ్బు చేసింది. 34 మంది మరణించారు. ఇన్‌ఫ్లుయెంజా కావచ్చునని కొందరు, విషము కావచ్చునని కొందరు అనుకొన్నారు. మామూలు బాక్టీరియాలను పెంచే పాత్రలలో ఏమీ పెరగలేదు. ఆ సంవత్సరాంతమున అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రములో జోసెఫ్ మక్‌డేడ్ అనే శాస్త్రజ్ఞుడు, తాను అంతకుముందు చూచి ప్రక్కన పెట్టిన గాజుపలకలను తిరిగి పరీక్షించి, వాటిలో కడ్డీలవంటి బాక్టీరియాలను గుర్తించాడు. చార్లెస్ షెపర్డ్‌తో కలిసి, గినీ పందుల నుండి కోడిగ్రుడ్లలోని పిండములకు ఎక్కించి ఆ సూక్ష్మజీవిని పెంచాడు. 1977 జనవరిలో సంగతి లోకమునకు తెలిసింది. సభ పేరు మీదుగా దానికి లీజియొనెల్లా న్యుమోఫిలా అని పేరు పెట్టారు. 1965 నుంచీ భద్రపరచిన రక్తపు నమూనాలను పరీక్షిస్తే, కారణము తేలకుండా మిగిలిపోయిన పాత జబ్బులు కొన్ని దీనివల్లనే వచ్చినవని బయటపడింది. అనగా ఇది కొత్తగా పుట్టిన శత్రువు కాదు.

ఇది ఊపిరితిత్తులలో ఎక్కడ పెరుగుతున్నది? 1980లో మార్కస్ హార్విట్జ్, శామ్యూల్ సిల్వర్‌స్టీన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మనుష్యుల రక్తములోని మోనోసైటులనే తెల్ల కణాలను గాజుపాత్రలో ఉంచి, వాటికి ఈ బాక్టీరియాలను అందించి చూచారు. బాక్టీరియాలు ఆ కణముల లోపలనే వృద్ధిచెందినవి. ఈ మోనోసైటులే శరీర ధాతువులలోకి పోయి స్థూలభక్షక కణాలుగా మారుతవి. ఊపిరితిత్తుల వాయుగోణులలో కాపలా కాసేవి ఆ స్థూలభక్షకాలే. కాపలాదారు ఇల్లే దొంగకు విడిది అయినదన్నమాట. చూచారా, ఉపమానము ఎంత సులువుగా మళ్ళీ నోటికి వస్తుందో! దొంగ, కాపలా అనే మాటలను ప్రక్కన పెట్టి, కణము లోపల జరిగేదేమిటో చూద్దాము.

మామూలుగా భక్షక కణము ఒక బాక్టీరియాను తాకగానే తన పొరను చాచి దానిని చుట్టుకొంటుంది. బాక్టీరియా ఒక చిన్న రిక్తికలో చిక్కుపడుతుంది. అమీబా పాఠములో మనము చెప్పే ఆహారరిక్తికకు, దీనికి స్వభావములో భేదము లేదు. నిమిషాలలో ఆ రిక్తికలోకి ఆమ్లము చేరుతుంది. తరువాత లైసోసోములు వచ్చి దానితో కలిసిపోతవి. వీటిని 1955లో బెల్జియము శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ డి డ్యూవ్ వర్ణించాడు. ప్రోటీనులను, క్రొవ్వులను, కేంద్రకామ్లాలను విరుగగొట్టే ఎన్‌జైములు వీటిలో ఉంటవి. ఆమ్లము, ఎన్‌జైములు, తీవ్రమైన ఆక్సిజన్ సమ్మేళనాలు, అన్నీ కలిసి బాక్టీరియాను ముక్కలు చేస్తవి. ఇదంతా ఒక క్రమములో జరుగవలసిన పని. క్రమములో ఎక్కడ అడ్డు వచ్చినా భోజనము అతిథిగా మారుతుంది.

లీజియొనెల్లా అడ్డు పెట్టేది చాలా తొలిదశలోనే. 1983లోను 1984లోను హార్విట్జ్, ఆయన సహచరులు ప్రకటించిన పరిశోధనల ప్రకారము, సజీవమైన లీజియొనెల్లా ఉన్న రిక్తికతో లైసోసోములు కలియవు. దానిలో ఆమ్లము కూడ పెరగదు. ఆమ్లత్వమును కొలిచే పి.హెచ్. అంకె 6.1 ప్రాంతములోనే నిలిచిపోతుంది. చచ్చిన లీజియొనెల్లాను అందిస్తే ఈ చిత్రము లేదు. రిక్తిక మామూలుగానే పులిసి, బాక్టీరియా జీర్ణమైపోతుంది. కనుక లోపము భక్షక కణములో లేదు. బ్రతికి ఉన్న బాక్టీరియా ఏదో చేస్తున్నది. మరికొన్ని గంటలకు ఆ రిక్తిక రూపమే మారిపోతుంది. కణములో ప్రోటీనులు తయారయ్యే చోటైన అంతర్జీవద్రవ్య జాలము నుండి బయలుదేరిన చిన్న బుడగలు దానిని చుట్టుకొంటవి. మైటోకాండ్రియాలు దగ్గర చేరుతవి. చివరకు రిక్తిక వెలుపలి పొరపై రైబోసోములు చుక్కలు చుక్కలుగా అమరుతవి. జీర్ణాశయము కావలసినది వంటశాల అయి కూర్చున్నది.

ఈ మార్పుకు సాధనమేమిటో 1990 తరువాత తెలియవచ్చింది. బాక్టీరియా పొరలలో సూదివంటి ఒక ప్రోటీను యంత్రము ఉన్నది. దాని ద్వారా ఇది తాను చేసిన ప్రోటీనులను రిక్తిక గోడను దాటించి భక్షక కణపు జీవద్రవ్యములోకి పంపుతుంది. ఒకటి రెండు కాదు, 300కు పైగా! కణములో ఏ బుడగ ఎక్కడికి పోవలెనో నిర్ణయించే ప్రోటీనులను ఇవి పట్టుకొని మళ్ళిస్తవి. వీటిలో అనేకము బాక్టీరియాల ప్రోటీనులవలె ఉండవు; కేంద్రకము గల జీవుల ప్రోటీనులను పోలి ఉంటవి. అతిథి ఇంటివారి మాండలికములోనే మాట్లాడుతున్నది. ఆ మాండలికము ఎక్కడ నేర్చింది?

యుద్ధకథ పూర్తిగా చేతులెత్తేసేది ఈ ప్రశ్న దగ్గరే. శత్రువని చెప్పినప్పుడు, అతడు మనలను జయించటానికే ఈ ఆయుధమును తయారు చేసుకొన్నాడని విద్యార్థి అనుకొంటాడు. కాని లీజియొనెల్లా మనిషి నుండి మనిషికి అంటుకొనేది కాదు. ఈ నియమమునకు 2014లో పోర్చుగల్‌లో జరిగిన ఒక వ్యాప్తి సందర్భమున ఒక్క అపవాదము జరిగి ఉండవచ్చునని నివేదించారు. మనిషిలో ప్రవేశించిన లీజియొనెల్లాకు ముందు దారి లేదు; రోగి కోలుకొన్నా, మరణించినా దాని వంశము అక్కడితో సరి. అటువంటప్పుడు మన ఊపిరితిత్తులలో బ్రతుకటానికి 300 ప్రోటీనులను తరతరాలుగా కూర్చుకొనవలసిన అవసరము దానికి ఏమి ఉన్నది?

సమాధానమును 1980లోనే ఇంగ్లండులోని లీడ్స్ నగరములో రోబాతమ్ అనే శాస్త్రజ్ఞుడు చూపాడు. నీటిలోను, మట్టిలోను ఉండే అకాంతమీబా, నెగ్లేరియా అనే అమీబాలను ఈ బాక్టీరియా లోపలినుండి తిని చంపగలదు. దాని అసలు స్థలము చెరువు, వాగు, తడినేల. అక్కడ దానిని తినటానికి వచ్చేది అమీబా. అమీబా పట్టుకొంటుంది, రిక్తికలో పెడుతుంది, ఆమ్లము పోస్తుంది. ఆ కడుపులో కొన్ని కోట్ల సంవత్సరాలుగా బ్రతుకనేర్చిన జీవికి, నీటి తుంపరతో పాటు మన వాయుగోణిలో పడి, అక్కడ ఒక స్థూలభక్షకము తనను చుట్టుకొన్నప్పుడు, ఆ అనుభవము కొత్తది కాదు. మన కణము దానికి మరొక అమీబా. మెచ్నికాఫ్ అమీబాకు, తెల్ల కణమునకు మధ్య చూచిన చుట్టరికమును ఈ బాక్టీరియా కూడ తనదైన పద్ధతిలో కనిపెట్టింది.

అవకాశవాదము అనే మాటపై కూడ ఇక్కడ ఒక అభ్యంతరము చెప్పవలసి ఉన్నది. రాజకీయాలలో అవకాశవాది అంటే సమయము కొరకు కాచుకొని ఉండేవాడు. ఈ బాక్టీరియా ఎవరి కొరకూ కాచుకొని లేదు. మనము దాని దారికి అడ్డముగా వచ్చినాము. అది 20 నుండి 45 సెంటిగ్రేడు డిగ్రీల వెచ్చని నీటిలో బాగుగా పెరుగుతుంది. పెద్ద భవనాలపై శీతలీకరణ గోపురాలు, వేడినీటి తొట్లు, వాడక నిలిచిన గొట్టాలు కట్టి, ఆ నీటిని సన్నని తుంపరగా చేసి గాలిలోకి వదిలినవారము మనమే. పేరు మార్చుమని నేను కోరటము లేదు. శాస్త్రములో స్థిరపడిన మాట. కాని తరగతిలో దానిని చెప్పిన మరుక్షణము ఈ మాట కూడ చెప్పవలె.

ఇదే సందర్భమున బెర్నార్డ్ షా నాటకము 'ది డాక్టర్స్ డైలమా' గుర్తుకు వస్తుంది. 1906లో ప్రదర్శింపబడిన ఆ నాటకములో ఒక గొప్ప వైద్యుడు ఉంటాడు. ఏ రోగమైనా సరే, భక్షక కణాలను ఉత్తేజపరిస్తే చాలునని ఆయన మతము. ఆ రోజులలో ఆల్మ్‌రాత్ రైట్ అనే శాస్త్రజ్ఞుడు, బాక్టీరియాలకు అంటుకొని వాటిని భక్షక కణాలకు రుచికరముగా చేసే పదార్థాలు రక్తములో ఉన్నవని చెప్పి, వాటికి ఆప్సోనిన్‌లని పేరు పెట్టాడు. ఆ మాటకు మూలమైన గ్రీకు ధాతువునకు అర్థము భోజనమును సిద్ధము చేయటము. మళ్ళీ వంటింటి మాటే! షా వేళాకోళములో ఉన్న సత్యము ఏడు దశాబ్దాల తరువాత ప్రయోగశాలలో తేలింది. లీజియొనెల్లాలకు ప్రతిరక్షకాలను పూసి అందించినప్పుడు మోనోసైటులు వాటిని ఎక్కువగానే మ్రింగినవి. కాని లోపల వాటి వృద్ధి ఆగలేదని 1981లో హార్విట్జ్, సిల్వర్‌స్టీన్‌లు ప్రకటించారు. మ్రింగటము పెంచితే అతిథుల సంఖ్యే పెరుగుతుంది.

మరి ఆరోగ్యవంతులు ఎట్లా బయటపడుతున్నారు? లింఫోసైటులనే మరొక జాతి తెల్ల కణాలు ఇంటర్‌ఫెరాన్-గామా వంటి పదార్థాలను విడుదల చేసినప్పుడు భక్షక కణపు స్వభావము మారుతుంది. అప్పుడు లోపలి బాక్టీరియా పెరగలేదు. కారణాలలో ఒకటి చాలా సామాన్యమైనది: ఇనుము. లీజియొనెల్లా పెరుగుదలకు ఇనుము కావలె. ఉత్తేజితమైన మోనోసైటు రక్తములోని ఇనుమును లోపలికి తెచ్చుకొనే ద్వారాలను తగ్గించివేస్తుందని 1989లో బర్డ్, హార్విట్జ్‌లు చూపించారు. ఇల్లు కదలని అతిథికి వంట మానివేసినట్లు! ఇక్కడ కత్తి లేదు, కవచము లేదు. వృద్ధాప్యము, మందులు, ఇతర వ్యాధులు లింఫోసైటుల ఈ సందేశమును బలహీనపరచినప్పుడు భక్షక కణాలు మ్రింగుతూనే ఉంటవి, కాని అరిగించుకొనలేవు. అవకాశము అనేది ఈ తేడాలోనే ఉన్నది. తెల్ల కణాల సంఖ్య తగ్గితేనే రోగము వస్తుందనుకొనే విద్యార్థికి ఇది తోచదు.

కణముల లోపల బ్రతికే పద్ధతులు ఒక్కటే కాదు. క్షయ బాక్టీరియా కూడ లైసోసోములను కలియనీయదు. అది మాత్రము అవకాశము కొరకు చూడదు, ఎవరినైనా పట్టగలదు. లిస్టీరియా రిక్తికకే చిల్లుపొడిచి బయట జీవద్రవ్యములో పడుతుంది. కాక్సియెల్లా ఇంకా వింతైనది. ఆమ్లములోనే హాయిగా పెరుగుతుంది. వీటినన్నిటినీ వర్ణించటానికి చోటు చాలదు. కాని ఒకదానిని మాత్రము విడిచిపెట్టటానికి వీలులేదు.

1911లో రంగూనులో, అప్పటికి బర్మా భారతదేశములో భాగమే, ఆల్‌ఫ్రెడ్ విట్‌మోర్ అనే వైద్యుడు, అతని సహచరుడు సి.ఎస్. కృష్ణస్వామి మృతదేహాలను పరీక్షిస్తూ కొత్త వ్యాధి నొకదానిని గుర్తించారు. 1912లో దానిని ప్రకటించారు. ఆ రోగులలో చాలమంది మార్ఫియాకు అలవాటుపడి చిక్కిశల్యమైన నిరుపేదలు. ఆ వ్యాధిని ఇప్పుడు మెలియాయిడోసిస్ అంటారు. కారణమైన బాక్టీరియా బర్ఖోల్డేరియా సూడోమాలై వేడి ప్రాంతాల తడి మట్టిలో, వరి పొలాలలో నివసిస్తుంది. వానకాలములో గాయాల ద్వారాను, తుంపర ద్వారాను శరీరమును చేరుతుంది. మధుమేహ రోగులకు దీనివల్ల ముప్పు ఎక్కువ. భక్షక కణములో చిక్కుపడిన తరువాత ఇది రిక్తికను చీల్చుకొని బయటపడి, కణములోని ఆక్టిన్ పోగులను తన వెనుక తోకగా పేర్చుకొని, ఆ ఊపుతో ప్రక్క కణములోకి దూరుతుంది. కణాలను ఒకదానితో ఒకటి అతికించివేస్తుంది కూడ. ఆంధ్ర, తెలంగాణాలతో సహా దక్షిణ భారతములో ఈ వ్యాధి కనబడుతూనే ఉన్నది. ఊపిరితిత్తులలో వచ్చినప్పుడు క్షయగా పొరబడటము జరుగుతూ ఉన్నది. క్షయ మందులు దీనికి పనిచేయవు. సరియైన మందు ఇచ్చినా, సూదిమందులు రెండు వారాలు, ఆపైన మాత్రలు కనీసము మూడు నెలలు వాడవలె. మధ్యలో మానితే వ్యాధి తిరగబెట్టవచ్చును. జ్వరము తగ్గినాక కూడ ఇన్ని నెలలు మందు ఎందుకని మధుమేహముగల రైతు అడిగితే, శత్రువు ఓడిపోయాడుగదా అనే కథ అతనికి అపకారమే చేస్తుంది. కణముల మరుగున మిగిలినవి కొన్ని ఉన్నవని చెబితే అర్థమవుతుంది.

మందుల ఎంపికలోను ఇదే సంగతి. ఫిలడెల్ఫియా రోగులలో ఎరిత్రోమైసిన్ గాని, టెట్రాసైక్లిన్ గాని పుచ్చుకొన్నవారు, పెన్సిలిన్‌కు దగ్గరి చుట్టమైన సెఫలోథిన్ పుచ్చుకొన్నవారికంటె మెరుగుగా కోలుకొన్నారు. పెన్సిలిన్ జాతి మందులు చాలవరకు కణముల వెలుపలనే తిరుగుతవి. ఎరిత్రోమైసిన్ భక్షక కణముల లోపలికి పోయి అక్కడ పోగుపడుతుంది. మందు ఎంత బలమైనదన్న ప్రశ్నకు ముందు, మందు ఎక్కడికి పోగలదన్న ప్రశ్న అడుగవలె.

ఇక నీటి తొట్ల సంగతి. అమీబాకు కష్టకాలము వస్తే అది గట్టి పెంకు కట్టుకొని కోశస్థ దశలోకి పోతుందని మనము పాఠములో చెబుతాము. ఆ పెంకు లోపల లీజియొనెల్లా కూడ ఉండవచ్చును. లీటరు నీటికి 50 మిల్లీగ్రాముల క్లోరీను వాడినా ఆ కోశములలోని లీజియొనెల్లాలు చావలేదని 1990లో కిల్వింగ్టన్, ప్రైస్‌లు చూపించారు. ఇది త్రాగునీటిలో ఉంచే క్లోరీనుకు ఎన్నో రెట్లు. కనుక క్లోరీను వేశాము గదా అని నిశ్చింతగా ఉండరాదు. తొట్టి అడుగున పేరుకొన్న బురద, జిగురు తీసివేయవలె, వేడినీటిని 60 డిగ్రీలకు తగ్గకుండా నిలువచేయవలె, నీటిని గొట్టాలలో నిలిచి ఉండనీయరాదు. రోగిని వేరుగా ఉంచటము వల్ల ప్రయోజనము లేదు. అంటువ్యాధి అంటే శత్రువు ఒక కోటనుండి మరొక కోటకు దూకటమని నేర్చుకొన్నవాడు రోగిని బయటికి నెట్టి, ఇంటిమీది తొట్టివైపు చూడడు.

వంటింటి ఉపమానమునకు మాత్రము లోపాలు లేవా అంటే, ఉన్నవి. వాతాపి ఒక్కడే లోపలికి పోయి ఒక్కడే బయటికి వచ్చేవాడు. లీజియొనెల్లా ఒకటి పోయి వందలుగా వస్తుంది. ప్రతిరక్షకముల సూక్ష్మమైన ఎన్నిక, టీకాలు వేసిన తరువాత శరీరము పాత పరిచయమును గుర్తుపెట్టుకోవటము, ఇవి భోజనము కథలో సులువుగా ఇమడవు. చీముపట్టిన గాయములో న్యూట్రోఫిలులు తమను తాము నాశనము చేసుకొంటూ చేసే పని చూస్తే పోరాటమనే అనిపిస్తుంది, అనుకోనివ్వండి. తగాదా అంతా యుద్ధకథ ఒక్కటే మిగిలి, భక్షక కణమును ముందు తినే కణముగా చూపకపోవటము వద్దనే.

ఉన్నత పాఠశాలలో ఒక చిన్న ప్రయోగముతో దీనిని చూపవచ్చును. బాగుగా మరిగించి చంపిన ఈస్టుకు కాంగో రెడ్ అనే రంగు పట్టించి, ఒక చుక్కను పారమీషియములు ఉన్న నీటిలో కలిపి, సూక్ష్మదర్శిని క్రింద చూడవలె. ఆ రంగు విషపూరితమైనది కనుక ఉపాధ్యాయుడే వాడవలె, చేతికి తగలనీయరాదు. పారమీషియము ఎర్రని ఈస్టు గింజలను మ్రింగుతుంది. ఆహారరిక్తికలు కణములో తిరుగుతూ పోతవి. కొంతసేపటికి ఒక్కొక్క రిక్తికలో ఎరుపు పోయి నీలము వస్తుంది. ఆమ్లము చేరినదన్నమాట. చచ్చిన ఈస్టు కనుక అన్ని రిక్తికలూ ఇంచుమించుగా వరుసలో నీలమవుతవి. రంగు మారని రిక్తిక ఒకటి ఉన్నదనుకొండి, లోపల ఉన్నది ఏమి చేసి ఉంటుందని పిల్లలను అడిగి చూడండి.